తోలు లేని డ్రమ్ముకు వయసు కట్టిన రోజు

2004 వర్షాకాలంలో నేను ఖమ్మంలో జిల్లా పోలీసు బ్యాండుకు ఏఆర్‌ఎస్సైగా, అంటే సాయుధ రిజర్వు విభాగంలో అసిస్టెంట్ సబ్‌ఇన్‌స్పెక్టర్‌గా ఉన్నాను. సాయుధం అన్నది పేరుకే. నా చేతిలో ఉండే ఆయుధాలు రెండు డ్రమ్ము పుల్లలు. పరేడ్‌లో వాయించడం, సరిగా వాయించనివాళ్లను వాయించడం, వాద్యాల స్టోరు చూసుకోవడం నా పని.

ఒక ఉదయం వైర్‌లెస్‌లో కబురు వచ్చింది. భద్రాచలం రోడ్డులో అడవి అంచున ఉన్న ఒక ఠాణాలో మన బ్యాండు డ్రమ్ము దొరికిందట, బ్యాండ్ మాస్టర్‌గా నేను వచ్చి ఆనవాలు పట్టాలట. వెంటనే స్టోరు తెరిచి చూశాను. మా డ్రమ్ములన్నీ వరుసగా కూర్చుని నన్నే చూస్తున్నాయి. ఒక్కటీ పోలేదు. పోనిది ఎలా దొరికిందో అర్థం కాక, జీపెక్కి బయలుదేరాను.

ఠాణాలో ఎస్సై నాకంటే చాలా చిన్నవాడు, నాకంటే పెద్ద ర్యాంకువాడు. లేచి కుర్చీ చూపించాడు.

“ముందు బాంబనుకున్నం మాస్టారూ. బస్సు చెక్ చేస్తుంటే గోనెసంచిల గుండ్రటి ఇత్తడి డబ్బా. కండక్టరైతే టికెట్ల సంచి ఇడిచిపెట్టి కిటికీలకెల్లి దుంకిండు.”

ఆ రోజుల్లో నక్సల్స్ మందుపాతరల భయంతో ఆ దారిలో గుండ్రటి లోహపు వస్తువేది కనిపించినా అదే అనుమానం. బాంబు కాదని తేలాక ఆ డబ్బా మీద పోలీసు ముద్ర కనిపించింది. దాంతో బాంబు కాస్తా దొంగసొత్తు అయింది. అది ప్రమోషనో రివర్షనో నాకు తెలియదు.

డబ్బా తెచ్చిన మనిషి ముత్తయ్య బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. పర్ణశాల దాటాక లోపలికి ఉన్న అడవి పల్లె వాళ్లది. ఇంత పొలం, మిగతా రోజులు కూలి. అతని అక్క జోగమ్మ వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది.

“బాంబైతే దుంకుతరు, డోలైతే దొంగలంటరు. మేమేం మోసుకపోతే మీకు మంచిగుంటది సారూ?” అంది నన్ను చూడగానే. నేను టోపీ సరిచేసుకుని ఎస్సై వైపు తిరిగాను.

ఆనవాలు పట్టడానికి ఒక పద్ధతి ఉంది. ఇద్దరు పెద్దమనుషులను పంచులుగా, అంటే సాక్షులుగా, కూర్చోబెట్టి వస్తువును జప్తు చేసిన స్థితిలోనే చూపిస్తారు. విప్పకూడదు, ఒక్క మర కూడా తిప్పకూడదు. చూసినంత చూసి, మనదైతే మనదని, కాకపోతే కాదని చెప్పాలి. నేను “మాదే” అంటే ముత్తయ్య మీద దొంగసొత్తు కేసు, ఆ సాయంత్రమే రిమాండు. డ్రమ్ము కోర్టువారి మాల్‌ఖానాకు, అంటే జప్తు సొత్తు దాచే గదికి, పోతుంది. మాల్‌ఖానాలోకి పోయిన వస్తువు ఏ తరంలో బయటికొస్తుందో ఎవరూ చెప్పలేరు.

బల్ల మీద పెట్టారు. అది సైడ్ డ్రమ్ము. పైతోలు మీద కొడితే కిందితోలుకు ఆనించి కట్టిన సన్నటి తీగలు జరజరమంటాయి. కవాతు అడుగు పడేది ఆ జరజర మీదే. దీనికి కింద మామూలు ప్లాస్టిక్ తోలు, ఉక్కు తీగలు. డొల్లకు, అంటే గుండ్రటి ఇత్తడి పీపాకు, బయట నల్లరంగు. చుట్టూ లగ్గులు, అంటే రెండు తోళ్లనూ బిగించి ఉంచే మరల పట్లు. పైదాన్నీ కిందిదాన్నీ కలిపి ఉంచుతాయి కాబట్టి మా బ్యాండులో వీటిని ‘లగ్గాలు’, అంటే పెళ్లిళ్లు, అనేవాళ్లం.

ప్రతి లగ్గు మీదా మా జిల్లా అక్షరం, స్టోరు నంబరు. వంగి దగ్గరగా చూశాను. నంబరులో చివరి అంకె ఎడమకు ఒరిగి ఉంది. సుత్తి కొట్టేటప్పుడు నా చేయి ఎప్పుడూ అలాగే ఒరుగుతుంది. ఆ ముద్రలు గుద్దింది నేనే! మా స్టోరులోంచి ఏదీ పోలేదని పొద్దున్నే చూసి వచ్చాను. ఇక్కడ నా చేతిగుద్దు నా ముఖంలోకే చూస్తోంది.

“లగ్గులు మావే,” అన్నాను.

ఎస్సై కలం తీశాడు. “అయితే రాసేద్దామా మాస్టారూ?”

“ఆగండి. దీని పైతోలేది?” డ్రమ్ము పైవైపు నోరు తెరుచుకుని ఖాళీగా ఉంది.

ముత్తయ్య తల దించుకున్నాడు. “మా నాయనతోని పోయింది సార్.”

“ఎక్కడికి పోయింది?”

“మట్టిలకు.”

పంచుల్లో ఒకాయన తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టేశాడు. ముత్తయ్య మెల్లగా చెప్పాడు. వాళ్లింట్లో డోలు వాయించే మనిషి పోతే, ఆయన వాయించిన తోలు ఊడదీసి గుండెల మీద పరిచి పూడుస్తారు. డొల్ల కొడుక్కి వస్తుంది. కొడుకు కొత్త తోలు వేయించి తండ్రి దినాలనాడు మొదటి దెబ్బ కొట్టాలి. అప్పటిదాకా దానికి నోరు లేనట్టే. ఆ తోలు కోసమే ఖమ్మం బస్సెక్కాడు. దినాలు ఆ వారంలోనే.

ఎస్సైకి ఇందులో వేరే సంగతి కనిపించింది. “అంటే సాక్ష్యం పాతిపెట్టిండ్రన్నట్టు. తవ్విస్తే?”

నేను అదిరిపడ్డాను. జోగమ్మ అదరలేదు.

“తవ్వుండ్రి సారూ. మా నాయనను గూడ లేపి అడుగుండ్రి. ఆయన గూడ గిదే జెప్తడు.”

ఎస్సై కలం మూత పెట్టాడు. నేను డ్రమ్మును వరండా వెలుగులోకి తీసుకుపోయి, తెరిచి ఉన్న నోట్లోంచి లోపలికి చూశాను. విప్పలేదు కాబట్టి నియమం తప్పలేదు. నా ఉద్యోగంలో ఎన్నో డ్రమ్ముల మీద కొట్టాను గానీ, ఇంత పాతడ్రమ్ము కడుపులోకి చూడటం అదే మొదటిసారి.

ఇత్తడి రేకు రెండంచులనూ రంపం పళ్లలా కోసి, ఒకదాంట్లో ఒకటి దూర్చి కరిగించి అతికారు. మా కాలపు డొల్లలకు అలాంటి అతుకు ఉండదు. లగ్గుల కోసం తొలిచిన రంధ్రాలు వంకరటింకరగా ఉన్నాయి. రేకు లోపలివైపు ముళ్లలా లేచింది. కార్ఖానాలో పొడిచిన రంధ్రం నున్నగా ఉంటుంది. అంటే డొల్ల పుట్టినప్పుడు లగ్గులు లేవు. లగ్గులు రాకముందు డ్రమ్ములను తాళ్లతోనే బిగించేవారు.

బయట రంగు పూతల కింద ఒక బొప్పి ఉంది. లోపల ఏదో తగిలి ఉబ్బిందనుకున్నాను. లోపల అదే చోట వేలు పెట్టి తడిమితే గుంటలు, గీతలు. వెలుగుకు తిప్పి చూశాను. కిరీటం.

కిరీటంతో కాలం కట్టడం నాకు శిక్షణ ఇచ్చిన మాస్టర్ నేర్పాడు. పైన వంపులు నడుమ కిందికి కుంగితే ఇంగ్లీషు రాణి విక్టోరియా నాటిది. గుండ్రంగా లేస్తే ఆ తర్వాతి రాజులది. ఈ వంపులు స్పష్టంగా కుంగి ఉన్నాయి. రాణి 1901లో పోయింది. అంటే ఈ డొల్లకు నూరేళ్లు దాటాయి. అప్పటికి మా బ్యాండు కాదుగదా, మా జిల్లాయే పుట్టలేదు.

నేను మెట్టు మీద కూర్చుండిపోయాను.

“బీపీనా మాస్టారూ?” అన్నాడు ఎస్సై పరుగెత్తుకొచ్చి.

“కాదు సార్, రాణిగారు.”

ఇది ఎక్కడిదని ముత్తయ్యను అడిగాను. “మా ముత్తాత కాలంల గోదారి ఇసుకల దొరికిందంట సార్. పటాలపోళ్లెవలో ఇడిచిపోయిండ్రంట,” అన్నాడు, నిన్న సంతలో కొన్నట్టు. తాళ్లు కుళ్లిపోతుంటే వాళ్ల నాన్న పాల్వంచ పాతసామాన్ల కొట్లోంచి మరలు తెచ్చి తనే తొలిచి బిగించాడట. అప్పుడు నాకు వెలిగింది. పనికిరాని వాద్యాలను మేం కండెమ్ చేసి, అంటే అధికారుల బోర్డు తీసెయ్యమన్నాక, తుక్కుగా వేలం వేస్తాం. నా ముద్రలు ఆ తుక్కుతో పాల్వంచ చేరాయి.

“లగ్గాలు మావి, పెళ్లికూతురు వాళ్లది,” అన్నాను ఎస్సైతో. ఆయన ఖమ్మం స్టోరుకు ఫోను చేసి వేలం సంగతి నిర్ధారించుకున్నాడు. నా అభిప్రాయం రాసిచ్చాను: లగ్గులు వేలంలో అమ్ముడైనవి, డొల్ల ఏనాడూ పోలీసుశాఖది కాదు, శాఖ బ్యాండుకంటే పాతది. కేసు ఇంకా కట్టలేదు కాబట్టి ఎస్సై పంచుల ఎదుటే డ్రమ్మును ముత్తయ్యకు అప్పగించి సంతకం తీసుకున్నాడు. తవ్విస్తానన్న మాట మళ్లీ ఎత్తలేదు.

అక్కాతమ్ముళ్లిద్దరినీ నా జీపులోనే ఖమ్మం తీసుకుపోయాను. దారిలో జోగమ్మ అడిగింది: “మీ లగ్గాలు మీకు గావాల్నా సారూ?”

“వద్దమ్మా. అయిపోయిన లగ్గం చెడగొట్టగూడదు.”

“గట్లనే ఉండనియ్యుండ్రి,” అంది. కొత్త తోలు వేయించుకుని సాయంత్రం బస్సుకే వెళ్లిపోయారు. దినాలనాడు ముత్తయ్య మొదటి దెబ్బ కొట్టాడని ఆ తర్వాత ఎస్సై ఫోనులో చెప్పాడు.

ఆ రోజు నేర్చుకున్నది ఇది. తోలు, తీగ, లగ్గు మారేవి. వాటిని చూసి వయసు కడితే, చివరగా బాగుచేసినవాడి కాలమే తెలుస్తుంది. వయసు డొల్లలో ఉంటుంది, అదీ లోపలివైపు. ఆ డ్రమ్ముకు పైతోలు ఉండి ఉంటే నిబంధన ప్రకారం నేను విప్పేవాణ్ణి కాను, లగ్గుల మీది నా ముద్రే ముత్తయ్యను జైలుకు పంపేది. ముసలాయన తన తోలు తనతో తీసుకుపోబట్టి కొడుకు ఇంటికి పోయాడు. ఆ తర్వాత ఏ వాద్యాన్ని ఆనవాలు పట్టమన్నా, విప్పడానికి ముందే అనుమతి రాయించుకునేవాణ్ణి. దాని నోరు తెరిపించాకే నా నోరు తెరిచేవాణ్ణి.