మజ్జిగౌరమ్మకు మూడు కత్తెర్లు

మా అమ్మాయి ధాత్రి పుట్టిన నెలలోనే జబ్బు పడింది. అప్పుడు మా అత్తమ్మ గుణుపురంలో తన పొలం గట్టు మీద నిలబడి, పిల్ల గట్టెక్కితే జుట్టు ఇస్తానని రాయగడ మజ్జిగౌరమ్మకు మొక్కుకున్నారు. పిల్ల గట్టెక్కింది. ఇప్పుడు దానికి ఆరేళ్లు. గుండు మాత్రం ఇంకా కాలేదు.

ధాత్రికి చప్పుడూ స్పర్శా మనకంటే ఎక్కువగా తగులుతాయి. విశాఖలో పిల్లల డాక్టరు మాకు అలాగే వివరించారు. గౌను మెడ దగ్గర లేబుల్ గీరుకుంటే గౌను విప్పి పారేస్తుంది. పెరుగన్నంలో ఒక్క ఆవగింజ పంటి కింద పడితే ఇక ఆ పూట పస్తే. ప్రేమగా తల నిమరబోతే నిప్పు తగిలినట్టు గెంతుతుంది. రెండేళ్లప్పుడు గుండు చేయించబోతే, తల మీద నీళ్లు పడగానే ఏడ్చి ఏడ్చి కమిలిపోయింది. ఆ రోజే దానికి మాటిచ్చాను, నిన్ను అడక్కుండా నీ తల ఎవరూ ముట్టుకోరని.

అటు అమ్మవారికి అత్తమ్మ ఇచ్చిన మాట, ఇటు కూతురికి నేనిచ్చిన మాట. ఈ చలికాలం అత్తమ్మ కొరాపుట్ వచ్చి, ఈ ఏడు వదిలేది లేదన్నారు. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు. మా ఇంట్లో అలాంటివాళ్లు ముగ్గురం. నేను మూడోదాన్ని. "వెళ్దాం అత్తమ్మా. అది ఒప్పుకుంటేనే గుండు, లేకపోతే దండం పెట్టుకుని వచ్చేద్దాం" అన్నాను. ఆవిడ లేచి సంచీ సర్దుకోసాగారు. అది ఒప్పుకోలు కాదని నాకు తెలుసు.

ఆదివారం పొద్దున ఎనిమిది దాటాక కొరాపుట్‌లో రైలెక్కాం. నేను, అత్తమ్మ, ధాత్రి, దాని తమ్ముడు మూడేళ్ల బుజ్జిగాడు. మా ఆయనకు సెలవు దొరకలేదు. సామాను సర్ది దిగిపోయాడు. ఈ దారిలో బస్సు కంటే రైలే మేలు, పిల్లలున్నవాళ్లకి మరీను. బస్సులో హారన్లకు ధాత్రి తట్టుకోలేదు. కిటికీ సీటు దానికిచ్చి, బుజ్జిగాణ్ణి ఒళ్లో వేసుకున్నాను.

దామన్‌జోడి దాటాక డబ్బాలు విప్పాం. తాళింపు లేని పెరుగన్నం చూసి అత్తమ్మ పెదవి విరిచారు. "ఇదేటి తిండమ్మీ, రోగిష్టోళ్లకి పెట్టినట్టు" అన్నారు. ధాత్రి డబ్బా ఖాళీ చేసి ఆవిడకు చూపించింది.

ఎదుటి సీట్లో బంధుగాం ఊరి అల్లం వ్యాపారి ఒకాయన కూర్చున్నాడు. "లక్ష్మీపూర్ కాడ్నుంచి సూడండి, ఒకదానెనక ఒకటి సొరంగాలే. పిల్లలకి బలే సరదా" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. చప్పుడు వినపడకుండా ధాత్రి చెవులకు పెట్టే మూతలు ఇంట్లో చెప్పుల స్టాండు మీదే ఉండిపోయాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

మొదటి సొరంగంలోకి బండి దూరగానే చీకటి, దాంతో పాటు ఇనుప చప్పుడు. ధాత్రి కేక పెట్టి సీటు కిందికి దూరింది. వెలుతురు వచ్చేసరికి పెట్టెలో అందరూ మావైపే చూస్తున్నారు. పక్క వరసలోంచి ఎవరో, రెండు తగిలిస్తే భయం పోతుందని ఉచిత సలహా పడేశారు. మీకు తగిలించేవాళ్లు లేక ఇలా తయారయ్యారు అనబోయాను. బుజ్జిగాడు ఒళ్లో నిద్రపోతున్నాడు కాబట్టి ఊరుకున్నాను.

ఈలోగా అత్తమ్మ వంగి, ధాత్రిని బయటికి లాగి, దాని తలను తన పొట్టకు ఆనించుకుని రెండు అరచేతులతో చెవులు మూసి గట్టిగా నొక్కిపట్టారు.

"అత్తమ్మా, వదలండి, అది..."

"ఇంకా గట్టిగా, మామ్మా" అంది ధాత్రి.

బండి రెండో సొరంగంలోకి దూరింది, బయటికి వచ్చింది. పిల్ల కదల్లేదు. మామ్మ ఎప్పుడు చెయ్యి చాపినా పారిపోయే పిల్ల అది. తనంటే దానికి గిట్టదని ఆవిడ లోలోపల ఎంత బాధపడేవారో నాకు తెలుసు. ఆవిడ కళ్లు తుడుచుకుందామన్నా చేతులు ఖాళీ లేవు.

"సుతారంగా ముట్టుకుంటే పారిపోద్ది, చపాతీ పిండిలాగ నొక్కిపడితే ఉంటాది. ఇన్నాళ్లూ నాకెవులు సెప్పేరు?" అన్నారు.

నేను చెప్పాను, చాలాసార్లు. కాకపోతే పాఠం చెప్పినట్టు చెప్పాను. అది ఎవరికి ఎక్కుతుంది? అప్పట్నుంచి అల్లం వ్యాపారి కిటికీలోంచి ముందుకు చూస్తూ "వస్తంది, వస్తంది" అని హెచ్చరించడం, ధాత్రి మామ్మ ఒళ్లో తల పెట్టడం, ఇదే వరస. టికిరి దాటేసరికి మామ్మ చేతులు ఎక్కడుండాలో అదే సర్దుతోంది.

మధ్యాహ్నం రాయగడలో దిగి స్టేషను దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాం. ఫ్యాను టకటకలాడుతోందని ధాత్రి చెవులు మూసుకుంటే ఆపేశాం. చలికాలం కాబట్టి బతికిపోయాం. ఆదివారం గుడి దగ్గర రద్దీ ఎక్కువ. పిల్లలతో వెళ్లేవాళ్లు మాలాగే సోమవారం తెల్లవారగానే వెళ్లండి.

మర్నాడు పొద్దున్నే తలనీలాలు తీసేచోట మాకు ముందు ఇద్దరే ఉన్నారు. మా వంతు వచ్చింది. క్షవరం చేసే ఆయన నీళ్ల మగ్గు చేతిలోకి తీసుకున్నాడు. అది చూసి ధాత్రి నా వెనక్కి వచ్చి చీర పట్టుకుంది. నేను మోకాళ్ల మీద కూర్చుని, "వద్దంటే వెళ్లిపోదాం" అన్నాను. అత్తమ్మతో గొడవకు సిద్ధపడే అన్నాను.

ఆవిడ నన్ను దాటుకుని ముందుకు వెళ్లారు.

"నీళ్లొద్దు బాబూ, కత్తొద్దు. మూడు కత్తెర్లు సాలు."

ఆడవాళ్లు గుండుకు బదులు మూడుచోట్ల కొసలు కత్తిరించి ఇస్తారు కదా, అది. మా వెనకున్న పెద్దామె ఊరుకోలేదు. "మూడు కత్తెర్లు ఆడోళ్లకమ్మా" అంది.

"మరిదేటి, మొగోడా?" అన్నారు అత్తమ్మ.

ఆ పెద్దామెతో సహా అందరూ నవ్వేశారు. అత్తమ్మ నావైపు తిరిగి, "నాను జుట్టు ఇస్తానని మొక్కేను. గుండని ఎప్పుడన్నాను? రాత్రల్లా అదే ఆలోచించేను" అన్నారు.

కత్తెర చూసి ధాత్రి చాలాసేపు ఆలోచించింది. తర్వాత వెళ్లి మామ్మ ఒళ్లో కూర్చుంది. ఆవిడ దాని తలను రెండు చేతులా గట్టిగా పట్టుకున్నారు. "కొయ్యమంటావేటమ్మా?" అని క్షవరం ఆయన దాన్నే అడిగాడు. "ఊఁ" అంది. ఒకటి. మళ్లీ "ఊఁ" అంది. రెండు. మూడోసారి కత్తెర తెరవగానే "ఆగు" అంది.

అంతా ఆగాం. వెనక వరస పెరిగింది, ఎవరో గొణిగారు. అత్తమ్మ వాళ్లవైపు ఒక్క చూపు చూశారు, గొణుగుడు ఆగింది. ధాత్రి చెవి వెనక నుంచి ఒక పాయ తీసి, వేళ్లతో సాపు చేసి, కొస చూపించి, "ఇది" అంది. ఆయన అదే కత్తిరించి దాని అరచేతిలో పెట్టాడు. ధాత్రే దాన్ని పట్టుకెళ్లి తలనీలాల పళ్లెంలో వేసింది. నాకు ఏడుపొచ్చింది. సంతోషం పట్టలేక వచ్చిన ఏడుపు, దాచుకోలేదు.

పది దాటాక తిరుగు రైలు ఎక్కాం. రాయగడలో చూడాల్సినవి ఇంకా ఉన్నాయంటారు. మేం ఏమీ చూడలేదు, నాకేమీ తక్కువగా అనిపించలేదు. ఇలాంటి పిల్లలతో ప్రయాణమా అని ఇంట్లో కూర్చున్నవాళ్లు ఉంటే, వెళ్లండనే చెప్తాను. దారంతా హాయిగా సాగుతుందని కాదు. పిల్లలు ఏం చేయగలరో, పెద్దవాళ్లు ఎంత మారగలరో ఇంట్లో కూర్చుంటే నాకు తెలిసేది కాదు.

సింగిపురం దగ్గరో ఎక్కడో సిగ్నల్ దొరికి మా ఆయన ఫోన్ చేశాడు. ఫోన్ ధాత్రికిచ్చాను.

"ఏమ్మా గుండూ, ఎలా ఉన్నావు?" అన్నాడు.

"గుండు కాదు నాన్నా. నా జుట్టు ఎవరూ తియ్యలేదు. నేనే ఇచ్చేను."

మా ఆయనకు అర్థం కాలేదు. మళ్లీ అడిగాడు. అత్తమ్మ ఫోన్ లాక్కుని, పెట్టెలో అందరికీ వినపడేలా చెప్పారు.

"అదే ఇచ్చిందిరా. నాను సూసేను."