నేను సంతకం పెట్టని కాగితం

నేను కోతలు కోస్తానని మా యూనివర్సిటీ లైబ్రరీలో అందరికీ తెలుసు. పుస్తకాలు అరల్లో సర్దడం నా ఉద్యోగం. దానికి జీతమిస్తారు, కథలు ఉచితం. కింద గదిలో ఎలుకలు పీహెచ్‌డీ థీసిస్‌లు తినీ తినీ ఇంగ్లీషులో పోట్లాడుకుంటున్నాయనీ, ఒకదానికి వైవా కూడా అయిపోయిందనీ పుకారు పుట్టించింది నేనే.

నా కథలకు నవ్వని మనిషి ఒక్కడే, గేటు దగ్గరి సెక్యూరిటీ అన్న. ఫౌజులో, అంటే మిలిటరీలో, చాలా ఏళ్లు చేసి రిటైరయ్యాక ఇక్కడ చేరాడు. నిటారుగా కూర్చుని కథంతా విని, "ఎన్ని ఎలుకలు, చెల్లె? నంబర్ చెప్పు. రిపోర్ట్ రాయాలె" అనేవాడు. అదే ఆయన నవ్వు అని తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

ఆయనకో పట్టింపు ఉండేది. సెలవు పెడితే చాలు, తన దగ్గరున్న ప్రతి వస్తువూ రాసి బదులు వచ్చే గార్డుకు అప్పగించేవాడు. ఫౌజులో అంతేనట. డ్యూటీ ఎక్కేవాడు అన్నీ సరిచూసుకుని సంతకం పెట్టేదాకా దిగేవాడు కదలకూడదట. మేమంతా వెనక నవ్వుకునేవాళ్లం.

పోయిన వానాకాలంలో ఒక పొద్దున వచ్చేసరికి ఆయన కుర్చీ ఖాళీ. నా బల్ల మీద ఒక అట్టపెట్టె, దాని మీద మడిచిన గీతల కాగితం ఉన్నాయి. పైన 'చార్జి అప్పగింత' అని, అడుగున సంతకానికి ఖాళీ వదిలి నా హోదా. ఈసారి గార్డుకు కాదు, నాకు. ఇంత మంచి సరుకు చేతికొస్తే ఊరుకుంటానా? నేరుగా బయట చాయ్ బండి దగ్గరికి పోయి, బండి నడిపే పెద్దమ్మకూ తాగేవాళ్లకూ గొంతు మార్చి చదివి వినిపించాను.

"తాళంచెవులు పదకొండు. టార్చి ఒకటి, సెల్లు వీక్. గొడుగు ఒకటి, పుల్ల విరిగినది. గోధుమరంగు కుక్క ఒకటి! పొద్దున రెండు బన్నులు. ఉరిమితే భయపడతది, పక్కన నిలబడాలె."

అందరూ పగలబడి నవ్వారు. కాగితం వెనక్కి తిప్పాను. అదే గొంతుతో మొదలుపెట్టాను.

"చేతిగడియారం ఒకటి. అంబర్‌పేటల బిడ్డకు ఇయ్యాలె."

పెద్దమ్మ చాయ్ పోయడం ఆపింది. "ఆయన యాడికి పోతుండు?"

"సెలవు మీద, పెద్దమ్మా."

"సెలవు మీద పోయెటోడు మల్ల రాడా? గడియారం ఎందుకిచ్చిండే?"

నా నోట్లో నవ్వు ఇంకా అలాగే ఉంది. దాన్ని ఏం చేయాలో తెలియలేదు. ఆయన కుర్చీ పైన గోడకు ఒక పోస్టరు ఉంటుంది. పరీక్షల ముందు విద్యార్థుల కోసం నేనే అతికించాను. 'ఇష్టమైన వస్తువులు పంచిపెడుతుంటే గమనించండి. నేరుగా అడగండి. ఒంటరిగా వదలకండి.' మైదా పూసిన చెయ్యి నాది. ఒక్క ముక్కా నాకు పట్టలేదు.

ఫోన్ చేస్తే ఎత్తలేదు. గేటు దగ్గరికి పరుగెత్తి, అడుగున హెల్ప్‌లైన్ నంబరున్న ఆ పోస్టరును ఫోన్‌లో ఫొటో తీసుకుని, పెద్దమ్మతో కలిసి ఆటో ఎక్కాను. భార్యతో మాటామాటా పెరిగి ఆర్నెల్లుగా ఆయన తార్నాకలో ఒంటిగదిలో ఉంటున్నాడు. తలుపు కొట్టాను. తీశాడు. నున్నగా గడ్డం గీసుకున్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మణికట్టు మీద గడియారం ఉండే చోట తెల్లటి చార.

"సంతకం వెట్టినవా, చెల్లె?" అన్నాడు.

నా జన్మలో మొదటిసారి నాకు ఏ కథా తోచలేదు.

"అన్నా, చచ్చిపోదామనుకుంటున్నవా?"

ఖాళీ మణికట్టు రుద్దుకున్నాడు. "అవ్" అన్నాడు.

పెద్దమ్మ ఏడవలేదు, తిట్టలేదు. ఆయన పక్కన మంచం మీద కూర్చుంది. "చెప్పు బిడ్డా. మాకేం తొందర లేదు."

"అన్నేండ్లు ఎప్పుడు లేవాల్నో, ఏం జెయ్యాల్నో ఎవరో ఒకరు చెప్పిండ్రు. ఇప్పుడు పొద్దున లేస్తే ఎందుకు లేసిననో తెలుస్తలేదు, పెద్దమ్మా. నాతోటి ఉన్నోళ్లల్ల కొందరు లేరు. నేనెందుకున్న?"

కాగితం తీసి ఆయన ముందు పెట్టాను. "నేను సంతకం పెట్టను. తాళంచెవులు పదే ఉన్నయి."

ఆయన వెన్ను నిటారైంది. "పదకొండు. నేనే లెక్కవెట్టిన."

"పది. వచ్చి చూపియ్యి. అప్పటిదాంక నీకు డ్యూటీ దిగే హక్కు లేదు."

ఆయనను బతికించింది ఆ అబద్ధమని చెప్పుకోవాలని నాకూ ఉంటుంది. కానీ అది కొన్ని నిమిషాలు కొనిపెట్టింది, అంతే. ఫొటోలోని హెల్ప్‌లైన్‌కు చేస్తే ఎవరో అమ్మాయి ఆయనతో గంటసేపు ఓపిగ్గా మాట్లాడింది. అంబర్‌పేట నుంచి భార్యా బిడ్డా వచ్చారు. ఆ మధ్యాహ్నమే అందరం కలిసి దవాఖానకు తీసుకుపోయాం. అంతమందిని నవ్వించిన నా గొంతు నాకే వినిపిస్తూ ఉండేది.

ఇప్పుడు ఆయన భార్యాబిడ్డలతో ఇంట్లోనే ఉంటూ డ్యూటీకి వస్తున్నాడు. ప్రతి గురువారం డాక్టరు దగ్గరికి పోతాడు. ఆ కాగితం నా సొరుగులో ఉంది, సంతకం లేకుండానే. రోజూ గేటు దాటుతూ ఇప్పుడు నేనే అడుగుతాను, "ఎన్ని ఎలుకలు, అన్నా?" పదికి ఎన్నో చెప్పాలి. మనసు ఎంత బరువుగా ఉంటే అన్ని ఎలుకలు. రెండంటే నా కథ వింటాడు. మూడన్నా వింటాడు.

మొన్న ఉరుములు మొదలయ్యాయి. ఆయన గేటు దగ్గర ఆ గోధుమరంగు కుక్క పక్కన నిలబడి ఉన్నాడు.

"ఎన్ని?"

"ఏడు, చెల్లె."

సంచి కింద పెట్టి, ఆయన పక్కన నిలబడి, వాళ్లావిడకు ఫోన్ కలిపాను.