పనసచెట్టు కింది మామ

కెలమంగలం దాటినాక అడవి అంచున ఒక పల్లె. యాభై ఎనిమిదో సంవత్సరం మాట. ఆ పల్లెలో తిమ్మరాయప్ప అని ఒక ఫారెస్టు వాచరు ఉండేవాడు. ఖాకీ నిక్కరు, చేతిలో దుడ్డుకర్ర, నోట్లో ఎప్పుడూ ఏనుగుల సంగతి. ఏ గుంపు ఏ చెరువుకు దిగింది, ఏ ఆడేనుగు ఈనింది, దాని గున్నకు ఏ చెవి చిరిగింది, అన్నీ కంఠోపాఠం. "గాలి ఇటు తిరిగితే చాలప్పా, అర మైలు దూరంలో ఎలుగొడ్డుంటే వాసన పట్టేస్తాను" అని టీ అంగడిలో కూర్చొని కోసేవాడు. కోతలకేం కరువు, వినేవాళ్ళకూ పొద్దుపోవాల గదా.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన రచ్చ గెలిచి ఇంట బోర్లా పడినాడు. పెండ్లాం అంజినమ్మ తమ్మునికి రాయకోటలో పెండ్లి కుదిరింది. సరిగ్గా అప్పుడే ఏనుగుల గుంపు దిగింది. "నువ్వు పో, నేను రాను" అన్నాడు. అంతటితో ఊరుకున్నా సరిపోయేది. "నీ తమ్మునికి పెండ్లి ఇంకోసారైనా అవుతుంది, ఈ ఏనుగులు మళ్ళా వస్తాయో రావో" అని కూడా అన్నాడు. అంజినమ్మ మూట కట్టుకొని బస్సెక్కింది. పెండ్లి అయింది, ఉగాది పోయింది, పనసపండ్లు మాగినాయి, ఆమె మాత్రం తిరిగి రాలేదు.

తిమ్మరాయప్పకు సంగటి గెలికేది రాదు. సగం ముద్ద, సగం పచ్చిపిండి. దాన్నైనా ఓర్చుకున్నాడు గానీ, ఇంటికొచ్చి ఏనుగుల కత ఎవరికి చెప్పాల? అంజినమ్మ "ఊ" కొడతా వినేది. ఆ "ఊ" లేక ఆయనకు బువ్వ సయించలేదు. పోయి పిలుచుకొని రావచ్చు గదా, రాయకోట ఏమన్నా సముద్రాల అవతల ఉందా? మగతనం అడ్డమొచ్చింది, పాడు మగతనం.

కడాకు, పక్కింటి సోమప్ప రాయకోటకు పోతుంటే కబురు పంపినాడు, పనసపండ్లు మాగినాయి, మామను వచ్చి తినిపొమ్మను అని. మామ మారియప్పకు పనస అంటే ప్రాణం. పండు కోసం మామ వస్తే, మామ వెనక కూతురు రాకపోతుందా అని ఎత్తుగడ. మారియప్ప లావాటి మనిషి. ఎండైనా వానైనా నల్ల కంబళి నెత్తి నుంచి కప్పుకొనే ఉంటాడు. మాట్లాడేది తక్కువ. ఏమడిగినా గొంతులోనే గురగుర.

ఒకనాడు జల్లు, మంచు కలిసి పట్టిన తెల్లవారి తిమ్మరాయప్ప ఇంటెనక తలుపు తెరిచినాడు. పనసచెట్టు కింద నల్లగా, లావుగా, ఇటు వీపు పెట్టి కూర్చొని మామ పండు తింటా ఉండాడు. రాత్రి బస్సుకే వచ్చి, నన్ను లేపకుండా పండు మీద పడినట్టుండాడు అనుకున్నాడు. ఆ మామ మర్యాద తెలిసిందే గదా.

చెంబుతో నీళ్ళు తీసుకొని పోయి, నాలుగు మూరల దూరంలో గొంతుక్కూర్చున్నాడు.

"కాళ్ళు కడుక్కో మామా."

మామ గుర్రుమన్నాడు. కోపంగా ఉండాడని తెలిసిపోయింది. ఉండదా మరి?

"తప్పు నాదే మామా. ఆ మాట అనకూడదు. ఏనుగులు మళ్ళా వచ్చినాయి, వచ్చి మన అరటంతా తొక్కిపోయినాయి. బామ్మర్ది పెండ్లే మళ్ళా రాదు."

మామ ఒక తొన నమిలి గింజ ఉమిసినాడు.

"ఆమె లేకుంటే ఇల్లు ఇల్లు మాదిరి లేదు. నా కతలు వినేదానికి గోడలుండాయి. గోడ ఊ అంటుందా మామా? అడగాలంటే సిగ్గైతాంది. నీ కూతుర్ని పంపించు."

చెప్తా చెప్తా ఏడుపొచ్చింది. మామ కాళ్ళు పట్టుకుందామని ముందుకు వంగినాడు. పాదం కనిపించింది. గోళ్ళు కొడవళ్ళ మాదిరి వంకర తిరిగి ఉండాయి. మామ గోళ్ళు తీసుకోక ఎన్నాళ్ళయిందో అని జాలిపడినాడు, పాపం. ఆ తర్వాతే వాసన తగిలింది. అర మైలు నుంచి పట్టాల్సిన వాసన నాలుగు మూరల్లో పట్టినాడు మన వాచరు.

"అట్నే నిదానంగా ఎనక్కి రా" అని దొడ్డి వాకిలి నుంచి గుసగుసగా అంజినమ్మ గొంతు వినపడింది. "మా నాయన ఈడుండాడు."

తిమ్మరాయప్ప కూర్చున్నోడు కూర్చున్నట్టే ఎనక్కి దేకినాడు. ఎలుగొడ్డు ఒకసారి తిరిగి చూసి, అల్లుడు నచ్చనట్టు మూతి తిప్పుకొని, అడవిలోకి పోయింది. అసలు మామకు పండు పోయిందనే దిగులు. చెట్టు మీద ఇంకోటి కనిపించినాక నెమ్మదించినాడు.

అంజినమ్మ మూట దించలేదు.

"తొలి బస్సు దిగి వచ్చినాము. అంతా విన్నాను. ఎలుగొడ్డుకు చెప్పినావు, సంతోషం. అదే నాకు చెప్పు, ఉంటాను. లేకుంటే ఆ బస్సు తిరిగి పోయేటప్పుడు ఎక్కేస్తాను" అంది.

తిమ్మరాయప్ప నోరు తెరిచినాడు. ఎదురుగా ఆమె ముఖం, ఆ కళ్ళు. ఒక్క మాట రాలేదు. ఎలుగొడ్డు ముందర అంత వాగినోడు పెండ్లాం ముందర మూగోడైపోయినాడు. దూరంగా రోడ్డు మీద బస్సు హారను మోగింది.

అంజినమ్మ చూసింది, చూసింది. తండ్రి మీది కంబళి లాగి, నెత్తి నుంచి కప్పుకొని, పోయి ఎలుగొడ్డు కూర్చున్న చోటనే ఇటు వీపు పెట్టి కూర్చుంది.

తిమ్మరాయప్ప పోయి నాలుగు మూరల దూరంలో గొంతుక్కూర్చున్నాడు. "తప్పు నాదే" అని మొదలుపెట్టినాడు. సంగటి, అరటి, గోడలు, ఏదీ వదలకుండా మొత్తం చెప్పినాడు.

రోడ్డు మీద బస్సు వెళ్ళిపోయింది. కంబళి లోపల నుంచి "ఊ" అని వినపడింది.