గోల్ ముందు గడ్డి

ఒమన్‌లో ఒక కాలేజీ ఫుట్‌బాల్ మైదానానికి గడ్డి పెంచేవాణ్ణి. ఈసారి కప్పు మా కాలేజీదే అంటే, గడ్డివాడికి ఆటేం తెలుసని రూమ్ వాళ్లు నవ్వారు. అది నేను మరిచిపోలేదు. సీజన్ ఇంకా మొదలవలేదు. నిజ్వా ఊరెళ్లే బస్సులో పక్కన కూర్చున్న నిజామాబాద్ మేస్త్రీతో మళ్లీ అదే అన్నాను.

"ఈ ఏడు కప్పు మాదే. డిఫెన్సులో కొత్త కుర్రాళ్లొచ్చారు."

"ఎట్ల చెప్తున్నవ్ అన్నా?"

"ఏటా ప్రాక్టీసులో మా డిఫెన్సు వాళ్లు కాసే గోల్ ముందు గడ్డంతా లేచిపోయేది. ఈసారి మైదానం మధ్యలో లేచింది. బంతిని అక్కడే ఆపేస్తున్నారు."

ఆయన నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

"పగుళ్లు జూసి నేను పునాది సంగతి చెప్త. నువ్వు గడ్డి జూసి చెప్పినవ్. గెలుస్తరు పో!"

సీజన్ చివర కప్పు గెలిచారు. ఆ సాయంత్రం హల్వా కొన్నాను. రూమ్‌కి తీసుకెళ్లలేదు. నిజ్వా బస్సెక్కి అందరికీ పంచాను.