అవ్వ వీపు కింది మోత

వెన్నుపూసకు ఆపరేషన్ అయ్యాక అవ్వను నెలకోసారి ఉట్నూర్ నుంచి కరీంనగర్ ఆసుపత్రికి తీసుకెళ్లేవాళ్లం. ఎక్కువసేపు కూర్చోలేదు కాబట్టి వెనుక సీట్లో పడుకోబెట్టి, తల నా ఒడిలో పెట్టుకునేదాన్ని. కారు మా అన్నది. నడిపేదీ అన్నే.

ఆ చలికాలంలో కారుకు వణుకు పట్టుకుంది. జన్నారం దాటి వేగం అందుకోగానే స్టీరింగ్ అదిరేది, ముందు చక్రాల దగ్గర ఒకటే మోత. చేతులు తిమ్మిరెక్కుతున్నాయని అన్న దారంతా విసుక్కున్నాడు. మరునాడే మెకానిక్ దగ్గరికి పోయాడు. బజారుకు పోయే పని ఉండి నేనూ వెంట వెళ్లాను.

మెకానిక్ ముందు టైరును అరచేత్తో అటూ ఇటూ తడిమాడు. "రంపం పండ్ల లెక్క అరిగినయి సారూ. ముందటియి ఎనుకకు, ఎనుకటియి ముందటికి అప్పుడప్పుడు మారుస్తుంటే సమానంగ అరుగుతుండె. ఇప్పుడు మారిస్తే స్టీరింగ్ వణుకు పోతది గని, మోత ఎనుకకు పోతది. కొత్తయి ఏసుకుంటేనే మంచిది."

"ఎనుక అవ్వ పండుకుంటది" అన్నాను.

"నడిపేటోని చేతులు మంచిగుండాలె గద!" అంటూ అన్న ముందు టైర్లు వెనక్కి, వెనుకవి ముందుకు మార్పించేశాడు.

తర్వాతి ప్రయాణంలో అన్న హుషారుగా ఉన్నాడు. "ఎంత మెత్తగ పోతున్నదో సూడు" అన్నాడు. వెనుక అవ్వ లక్షెట్టిపేట దాకా పళ్లు బిగపట్టుకుని పడుకుంది. తర్వాత తట్టుకోలేక, "బిడ్డా, నా ఈపు కింద పిండిగిర్ని నడుస్తున్నట్టున్నది" అన్నది. దుప్పటి మడిచి నడుం కింద పెట్టాను. అదురు ఆగలేదు. నా తొడలకే అంతగా తెలుస్తుంటే, కోసి కుట్టిన వెన్నుకు ఎట్లా ఉండాలి?

అన్నకు చెప్పాను.

"నాకైతే ఏం తెలుస్తలేదు. రోడ్డే గట్లున్నది" అన్నాడు.

జగిత్యాలలో చాయ్‌కి ఆపినప్పుడు, "జర సేపు నువ్వు ఎనుక కూసో, నేను నడుపుత" అన్నాను. నవ్వి తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

పై నెల అవ్వ గడప దాటలేదు. "నా పానం బాగనే ఉన్నది. ఇగ నేను రాను" అన్నది. ఎంత బతిమాలినా వినలేదు. బస్సులో పడుకోబెట్టే వీలు లేదు. "అవ్వే వద్దన్నది, నేనేం జెయ్యాలె?" అని అడిగినవాళ్లందరికీ అన్న చెప్పుకున్నాడు. ఎండాకాలం వచ్చేసరికి అవ్వ కాళ్లలో సత్తువ పోయి మంచం పట్టింది.

వానాకాలంలో అన్న కారు అమ్మకానికి పెట్టాడు. కొనడానికి వచ్చినాయన మెయిన్ రోడ్డు మీద ఒక చుట్టు తిప్పుకొచ్చి, "ఎనుక గీ మోతేంది?" అని ఒక్క మాట అడిగాడు. రోడ్డు బాగాలేదని అన్న అనలేదు. ఆ సాయంత్రమే నాలుగు కొత్త టైర్లు వేయించుకొచ్చాడు.

అవ్వ మంచంలోంచే అడిగింది, "ఇప్పుడు మంచిగ పోతున్నదా బిడ్డా?"

"మస్తుగ పోతున్నది అవ్వా, సప్పుడే లేదు" అన్నాడు సంబరంగా.

నేను ఆమె కాళ్లకు నూనె రాస్తున్నాను. తలెత్తి వాడి ముఖం చూడబుద్ధి కాలేదు.