కూర్చుని చేసే పని

మా అన్నయ్య చేసిన ఉద్యోగం చెబితే ఎవరికైనా నవ్వొస్తుంది. కారులో కూర్చోవడం. మెకానిక్ అయిన మా ఆయన బానెట్ ఎత్తి ఇంజన్‌లో తల దూరిస్తే, అన్నయ్య వెళ్లి డ్రైవర్ సీట్లో కూర్చునేవాడు. అంతే. ఇద్దరూ ఒకరినొకరు "బావా" అనే పిలుచుకునేవారు కనుక, గుర్తు కోసం వీధివాళ్లు అన్నయ్యకు సీటు బావ అని పేరు పెట్టారు.

షెడ్డంటే మా ఇంటి ముందు గదే. రోడ్డు వైపు షట్టరు, ఇటువైపు మా వంటగది తలుపు. అంట్లు తోముకుంటూనే అక్కడి సంగతులన్నీ వినేదాన్ని. నాలుగు సిలిండర్లలో ఒకటి మొరాయిస్తే కారు దగ్గుతూ, ఈడ్చుకుంటూ వచ్చేది. ఆ దొంగ ఏదో తేల్చడానికి మా ఆయన నడుస్తున్న ఇంజన్‌కు ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే పీకేవారు. బాగున్న సిలిండర్ వైరు పీకితే ఇంజన్ ఇంకాస్త నీరసపడుతుంది. పనిచేయని దాని వైరు పీకితే ఏ తేడా ఉండదు. ఆ తేడా చెప్పడమే అన్నయ్య పని. అరచేయి స్టీరింగ్ మీద పరిచి, కళ్లు మూసుకుని, "పడింది... పడింది..." అనేవాడు. దొంగ దొరగ్గానే "పడలేదు బావా!" అని కేకేసేవాడు. ఆ కేకకు వంటగదిలో నాకూ హుషారొచ్చేది.

సాయంత్రం అయ్యేసరికి ఎడమ మోకాలు పట్టుకుని, "కాస్త వేడినీళ్లు పెట్టవే" అంటూ నా దగ్గరికి వచ్చేవాడు.

"కూర్చుని చేసే పనికి మోకాలి నొప్పేంటి బావా? పొద్దుటి నుంచి నిలబడింది నేను కదా!" అనేవారు మా ఆయన.

"పెద్దవాణ్ణి కదా, నీ నొప్పులు కూడా నాకే వస్తాయి."

ఇంకో చాదస్తం కూడా ఉండేది అన్నయ్యకు. సీట్లోకి ఎక్కేముందు రెండు చెక్కముక్కలు తెచ్చి వెనక చక్రాల వెనక అడ్డం పెట్టేవాడు. కదలని బండికి కాపలా అని మా ఆయన వెక్కిరించేవారు. అన్నయ్య చెక్కల్ని కాలితో ఇంకాస్త లోపలికి నెట్టి వెళ్లి సీట్లో కూర్చునేవాడు.

ఒక ఉదయం మంచం మీద కూర్చుని చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్నయ్య పక్కకి ఒరిగిపోయాడు. మళ్లీ లేవలేదు. పోవడం కూడా కూర్చునే పోయాడని ఒకావిడ అంది. ఆవిడతో నేను ఇప్పటికీ మాట్లాడను.

తర్వాత మా ఆయన ఒక్కరే పని చేశారు. వైరు పీకి ఒక క్షణం ఆగేవారు. తేడా ఆయన చెవికే తెలుస్తుంది, ఆగక్కర్లేదు. అయినా సీటు వైపు నుంచి మాట రావాలన్నట్టు ఆగేవారు. ఇవతల నేనూ గిన్నె చేత్తో పట్టుకుని ఆగిపోయేదాన్ని. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అన్నయ్య గొంతు వినిపిస్తే చాలు, ఇంకేం అడగననిపించేది.

అలాంటి రోజుల్లో ఫొటోగ్రాఫర్ పాత కారు వచ్చింది. "వంతెన ఎక్కేటప్పుడు దగ్గుతోంది మేస్త్రీ" అన్నాడతను. షెడ్డులో మాత్రం అది నంగనాచిలా ఆడింది. ఏ వైరు పీకినా ఇంజన్ నీరసపడింది, అంటే నాలుగూ బాగున్నట్టే. మా ఆయన ప్లగ్గులు మార్చి పంపారు. తిరిగొచ్చింది. కార్బ్యురేటర్ శుభ్రం చేసి పంపారు. మళ్లీ వచ్చింది.

"ఇక నా వల్ల కాదు. షోరూమ్ వాళ్లు పనికి రమ్మంటున్నారు, వెళ్లిపోతా" అన్నారు ఆ పూట. "రేపు కూడా ఇది తేలకపోతే షట్టరు దించేద్దాం. గది ఎవరికైనా ఇచ్చేద్దాం."

అన్నయ్య బట్టలు పంచేశాం, మంచం ఇచ్చేశాం. మిగిలింది ఆ గదే. అందులో ఎవరో సిమెంటు బస్తాలు వేసుకుంటే నేను ఎక్కడ నిలబడి మా అన్నయ్యను తలుచుకోవాలి?

పొద్దున్నే వెళ్లి, "సీట్లో నేను కూర్చుంటాను" అన్నాను.

"నీకేం తెలుస్తుంది?"

"నాకు బండి నేర్పింది ఎవరనుకున్నారు?"

"సరే, కూర్చో. దేన్నీ కదిలించకు."

అన్నయ్యలాగే చెక్కముక్కలు తెచ్చి పెట్టబోయి ఆగాను. వాటి మీద టైరు అచ్చులు లోతుగా దిగి ఉన్నాయి. కదలని బండి చెక్కనెందుకు నలుపుతుంది? అదీ వెనక వైపు?

సీట్లో కూర్చోగానే ఎడమ కాలు క్లచ్ మీదికి పోయింది. అప్పుడు అన్నయ్య మోకాలు గుర్తొచ్చింది. బండి నేర్పేటప్పుడు ఎత్తు మీద క్లచ్ సగం వదిలించి బండిని అలాగే నిలబెట్టించేవాడు. "ఖాళీగా ఆడే ఇంజన్ అబద్ధాలు చెబుతుందే. బరువు మోయించు, నిజం కక్కుతుంది" అనేవాడు.

చేతి బ్రేకు గట్టిగా లాగి, రివర్స్ గేరు వేసి, ఆక్సిలరేటర్ కొంచెం తొక్కుతూ క్లచ్ సగం వదిలాను. బండి చెక్కలకు ఆనుకుని మూలిగింది. వెంటనే దగ్గు మొదలైంది.

మా ఆయన బానెట్ పక్క నుంచి తల బయటపెట్టారు. "ఏం చేశావు?"

"అది తర్వాత, ముందు వైర్లు పీకండి!"

మొదటిది పీకారు. నా అరచేతి కింద స్టీరింగ్ కుంగినట్టయింది. "పడింది" అన్నాను. రెండోది. "పడింది." మోకాలు గజగజ వణుకుతోంది. మూడోది పీకారు. ఏమీ మారలేదు. నమ్మలేక అరచేతిని స్టీరింగ్ మీద ఇంకా గట్టిగా అదిమాను.

"చెప్పవే!"

"పడలేదు."

ఆ వైరు అడుగున సన్నటి చీలిక ఉంది. ఇంజన్ మీద బరువు పడ్డప్పుడల్లా ప్లగ్గుకు చేరాల్సిన నిప్పు అక్కడే బయటికి దూకేస్తోంది. కొత్త వైరు వేసి, ఇద్దరం వంతెన ఎక్కి దిగి వచ్చాం. కారు ఒక్కసారి కూడా దగ్గలేదు.

"రివర్స్ ఎందుకు వేశావు?" అని అడిగారు.

"అన్నయ్య అదే వేసేవాడు, చెక్కలు చూడండి. బండి ఒకవేళ జారినా వెనక్కి పోవాలి, ముందున్న మీ మీదికి రాకూడదు కదా."

ఆయన చెక్కముక్క తీసుకుని ఆ అచ్చుల్ని వేలితో తడిమారు. "నాకొక్కమాట చెప్పలేదేం?"

"చెబితే ఆ మోకాలితో కూర్చోనిచ్చేవారా?"

మరునాడు షట్టరు ఎప్పటిలాగే లేచింది. కానీ ఆ సాయంత్రమే నా ఎడమ మోకాలు సలపడం మొదలుపెట్టింది. మా ఆయన వేడినీళ్లు, గుడ్డ తెచ్చి నా ముందు పెట్టి, "కూర్చుని చేసే పనికి..." అని మొదలుపెట్టి, పూర్తి చేయలేక మొహం తిప్పుకున్నారు. నేను గుడ్డ ముట్టుకోలేదు. అది మా అన్నయ్య నొప్పి. కాసేపు నా దగ్గర ఉండనిద్దామనిపించింది.