తలుపు తీసి చూపించే జిరాక్సు అన్న

జిరాక్సు అన్న పోయినాడని పొద్దున్నే టీ అంగడాయన చెబితే నేను నమ్మలేదు. "ఎవరు చెప్పినారు? నువ్వు చూసినావా?" అని నిలదీశాను. దస్తావేజులు రాసి బతికేవాణ్ణి. కన్నతల్లి చెప్పినా సాక్షి సంతకం అడిగే రకం. వెళ్లి చూస్తే ఆయన ఇంటి ముందు జనం కూర్చుని ఉన్నారు.

కళ్యాణదుర్గంలో మావి పక్కపక్క అంగళ్లు. నేను మనుషుల్ని అనుమానిస్తే, ఆయన కాగితాన్ని అనుమానించేవాడు. కొత్త కట్ట విప్పగానే విదిలించి చెంపకు ఆనించుకునేవాడు. "ఈ ఎండలకి కాగితం గలగలా ఎండిపోతాదప్పా. మిషన్ లోపల తిరిగే డ్రమ్ముకు అతుక్కుందంటే వదల్దు," అనేవాడు. అందుకే మిషన్ పక్కన ఎప్పుడూ తడి గోనెపట్ట వేలాడుతుండేది.

ఒకసారి కంబదూరు రైతు ఒకాయన పట్టా కాగితం తెచ్చాడు. దాయాదులతో భూమి తగాదా. రెండు కాపీలు అడిగితే ఒకటే బయటికొచ్చింది.

"ఇంకోటి యాడ? మా దాయాదులకి ఇయ్యడానికి దాచినావు కదా?" అని అరిచాడు.

జనం మూగారు. నిజం చెప్పొద్దూ, నాకూ అనుమానమే. ఆ మాట నిలబడితే ఆ అంగడికి ఇంకెవరూ కాగితం తేరు.

అన్న మిషన్ తలుపు తీశాడు. కాగితం డ్రమ్ముకు చుట్టుకుని ఉంది. డ్రమ్ము గీరుకుపోకుండా మెల్లగా తిప్పుతూ అంచు పట్టి ఊడదీశాడు. వేళ్లకు నల్లపొడి అంటింది.

"కాగితాన్ని డ్రమ్ముకు అతికిచ్చేదీ కరెంటే, విడిపిచ్చేదీ కరెంటే. అది చాలకుంటే అంచు లేపేదానికి డ్రమ్ము పక్కన ఈ చిన్న గోళ్ల మాదిరి కొక్కేలుండాయి. ఇదో, ఒకటి అరిగిపోయింది, అందుకే చుట్టుకునింది."

రైతు ఆ కాగితాన్ని చించి జేబులో వేసుకుని, తలొంచుకుని పోయాడు.

అప్పటినుంచి భూమి కాగితమైతే చాలు, పనయ్యాక తలుపు తీసి "చూడప్పా, లోపల ఏం మిగల్లేదు," అనేవాడు. అక్కర్లేదన్నా వదిలేవాడు కాదు. "అనుమానం ఇంటికి మోసుకుపోవద్దు, ఈడే దించిపో," అనేవాడు. నేను మాత్రం ప్రతిసారీ వంగి చూసేవాణ్ణి. అది ఆయనకు భలే ఇష్టం.

కర్మలయ్యాక వదిన అంగడి తెరిచింది. మరణ ధ్రువీకరణ అర్జీ నేనే రాశాను. దానికి అన్న ఆధార్ కాపీ కావాలి. ఆమే తీసింది. కాపీలో అన్న ముఖం కాస్త నల్లగా వచ్చింది. నేనడగకముందే తలుపు తీసి, "చూడప్పా, లోపల ఏం మిగల్లేదు," అంది.

డ్రమ్ము నున్నగా ఉంది. ఆయన ముఖమున్న కాగితం ఒక్కటైనా దానికి చుట్టుకుని ఉంటే బాగుండుననిపించింది. నమ్మకం కుదరక మళ్లీ వంగి చూశాను.